ఇద్దరికీ ఒకే రకం

మౌస్ కదలడం లేదు. అంటే మౌస్ కదులుతూనే ఉంది, పెద్ద కోడలు దాన్ని బల్ల మీద ఈ కొస నుంచి ఆ కొసకు తోముతూనే ఉంది. కదలనిది తెర మీది బాణం. షాంపూ సీసా లేబుల్ మధ్యలో, నురగ బొమ్మ పక్కన, అది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

ఆమె మౌస్‌ని తిరగేసింది. పొట్ట కింద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. మీట ఆపి, మళ్ళీ వేసింది. మూత తీసి, సెల్ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, తిరిగి పెట్టింది. గాజు మీద నడవదేమోనని కింద అట్టముక్క వేసింది. చివరికి లాప్‌టాప్ పక్కన గుచ్చి ఉన్న గింజను పీకి, ఉఫ్‌మని ఊది, ఇంకో రంధ్రంలో గుచ్చింది. మౌస్ చెప్పేది లాప్‌టాప్‌కు అందించే ఆ చిన్న ముక్కకు అసలు పేరు ఏదో ఉంది గానీ, ఈ ఇంట్లో అందరికీ అది గింజే. అత్తగారు మొదటి రోజున పెట్టిన పేరు, అదే స్థిరపడింది.

బాణం మాత్రం జరగలేదు.

"నీ మొహం మండ," అంటూ ఆమె మౌస్‌ని బల్లకేసి టక్‌మని కొట్టింది. రెండు మీటలూ టకటకా నొక్కింది. అప్పటికీ కసి తీరక, మీట నొక్కిపట్టి బరబరా ఈడ్చింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించిందని సామెత. ఈ ఇంట్లో దుత్తలు లేవు కాబట్టి మౌస్‌కు ఆ యోగం పట్టింది.

కింద అంతస్తులో అచ్చు యంత్రం, కటింగ్ యంత్రం. పైన వంట, పడకలు, ఆ చివర ఒక పెద్ద గది. ఆ గదిని మధ్యలో చెక్కతో అడ్డం కొట్టించి రెండు చేశారు. ఈ పక్క పెద్ద కోడలు, ఆ పక్క చిన్న కోడలు, ఇద్దరూ లేబుళ్ళు తయారు చేస్తారు. షాంపూలు, సబ్బులు, ఫినాయిళ్ళు పెద్దామెవి. మందుల సీసాలు చిన్నామెవి. మందుల లేబుళ్ళు గౌరవమైన పని. వాటి కోసం కంపెనీ మనిషి స్వయంగా ఫోన్ చేస్తాడు, "మేడమ్" అంటాడు. అడ్డుచెక్క సన్నం. ఆ పక్కన ఎవరు మేడమ్ అనిపించుకున్నా ఈ పక్కకు వినిపిస్తుంది.

పోనీ అత్తగారితో చెప్పి మౌస్ మార్పించుకోవచ్చు కదా అంటే, అదే చిక్కు. ఆవిడ ఏది కొన్నా రెండు కొంటుంది. ఒకే దుకాణం, ఒకే రకం, ఒకే రంగు. కుర్చీలు, గొడుగులు, నీళ్ళసీసాలు, చివరికి తలనొప్పి మందు డబ్బాలు కూడా. "నా చేతిలో తక్కెడ ఉంది, ముల్లు అటూ ఇటూ వంగదు," అని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటుంది. మౌస్‌లు తెచ్చిన రోజున పెద్ద కోడలు తన దాని మీద గోళ్ళరంగుతో చిన్న చుక్క పెట్టుకోబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈ రోజు మౌస్‌ మీద గుర్తు పెడతారు. రేపు గిన్నెల మీద. ఎల్లుండి గోడ కడతారు. గుర్తులొద్దు." అప్పటికే గోడ లాంటిది ఒకటి లేచి ఉందనీ, అది ఆవిడే కొట్టించిందనీ ఎవరూ అనలేదు.

ఆవిడ ఇల్లు తుడిస్తే కూడా అలాగే తుడుస్తుంది, రెండు గదులూ ఒకేసారి. సెలవు రోజున రెండు లాప్‌టాప్‌లూ, రెండు మౌస్‌లూ, రెండు గింజలూ హాల్లోకి తెచ్చి, పరిచి, దుమ్ము దులిపి, ఎవరివి వాళ్ళకు పెట్టేసింది. మర్నాటి నుంచే ఈ తంటా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చిన్న కోడలు నెమ్మదిగా అంది. "అత్తయ్యా, నా మౌస్ పనిచెయ్యట్లేదు. పొద్దుట్నించీ చూస్తున్నా. సెల్ కూడా మార్చాను."

అత్తగారి చెయ్యి కూర గిన్నె దగ్గర ఆగింది. "అదేంటి? రెండూ ఒక్కరోజే కొన్నానే. పెద్దమ్మాయ్, నీదో?"

పెద్ద కోడలు తలెత్తింది. నాదీ పనిచెయ్యట్లేదు అనడానికి నోరు తెరిచింది కూడా. ఎదురుగా చిన్న కోడలు మొహం కనిపించింది. నీట్‌గా దువ్వుకున్న తల, ఎవరినీ నొప్పించని ఆ చూపు. చూడగానే ఒళ్ళు మండింది.

"నాదా? వెన్నలా నడుస్తోంది," అంది.

"చూశావా మరి," అంది అత్తగారు చిన్న కోడలితో. "వస్తువులో ఏం లేదమ్మా. వాడే చేతిలో ఉంటుంది."

చిన్న కోడలు తన గదికి పోయి, పనికిరాని మౌస్‌ని ఆపి, సెల్ వృథా కాకుండా మూత బిగించి, సొరుగులో పెట్టేసింది. లాప్‌టాప్ మీదున్న పలక మీద వేలితో రాస్తూ పని చేసుకుంది. అది ఆమె తత్వం. పెద్ద కోడలి తత్వం వేరు. ఆమె కూడా వేలితోనే పని చేసుకుంది గానీ, మౌస్‌ని బల్ల మీదే, కుడిచేతి పక్కనే ఉంచుకుంది. ఒళ్ళు మండినప్పుడల్లా దాన్ని ఒకసారి కొట్టడానికి.

ఒళ్ళు మండటానికి ఆ వారం కారణాలు తక్కువ పడలేదు. అడ్డుచెక్క అవతల ఫోన్ మోగినా మండేది, నవ్వు వినిపించినా మండేది. టక్. బరబర. టకటక. ఆ చప్పుళ్ళకు చిన్న కోడలు అలవాటు పడిపోయింది.

మరో రెండు రోజులకు భోజనాల దగ్గర ఆమె మళ్ళీ నోరు విప్పింది. ఈసారి గొంతు ఇంకా చిన్నదైంది.

"నా లాప్‌టాప్‌లో ఏదో ఉంది అత్తయ్యా. బాణం దానంతట అదే పోతోంది. ఇక్కడ పెడితే అక్కడికి పోతోంది. అక్షరాలు పక్కకు జరిగిపోతున్నాయి."

పెద్ద కోడలు నవ్వింది. మామూలుగా కాదు, పొలమారేలా నవ్వింది.

"బాణం దానంతట అదే పోతోందిట! ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట."

ఆమె భర్త, అచ్చు యంత్రం చూసుకునే పెద్ద కొడుకు, అతనూ నవ్వాడు. "దెయ్యం పట్టిందేమో, లేబుళ్ళు దిద్దడానికొచ్చిందేమో." అత్తగారు కూడా నవ్వు ఆపుకుంది. చిన్న కొడుకు కుక్కిన పేనులా కంచంలో చూసుకుంటూ కూర్చున్నాడు. తన భార్య మాట నిలబెట్టాలంటే అన్నని కాదనాలి, అన్నని కాదంటే అమ్మకు కోపం, అందుకని అతను ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

చిన్న కోడలు మంచినీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా పెట్టింది.

మందుల కంపెనీ మనిషి ఫోన్ చెయ్యకుండా వచ్చాడంటేనే ఏదో ముంచుకొచ్చిందని అర్థం. వస్తూనే లేబుళ్ళ చుట్టను అత్తగారి బల్ల మీద దొర్లించాడు. అది విప్పుకుంటూ పోయి, చివర కింద నేల మీద పడింది.

"చదవండమ్మా," అన్నాడు. "పెద్దగా చదవండి, అందరూ వినాలి."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. దగ్గు మందు లేబుల్. మోతాదు గడిలో రెండు వరుసలు. పిల్లలకు అన్నచోట 510 మిల్లీలీటర్లు. పెద్దలకు అన్నచోట ఖాళీ.

"పిల్లలకు అయిదు, పెద్దలకు పది ఉండాలి. ఆ పది ఎగబాకి అయిదు పక్కన కూర్చుంది. పిల్లాడికి సీసాల మీద సీసాలు పట్టించమంటారా? పెద్దాళ్ళు మూత వాసన చూసి పడుకోవాలా?" ఆయన నవ్వించడానికి అనలేదు. చెంపలు అదురుతున్నాయి. "మా స్టోర్‌లో పిల్ల చూసింది కాబట్టి బతికిపోయాం. అతికించేసి పంపేస్తే ఏమయ్యేది?"

అత్తగారు మెట్ల దగ్గరికి వెళ్ళి పైకి కేకేసింది. ఇద్దరు కోడళ్ళూ దిగి వచ్చారు. చిన్న కోడలు లేబుల్ చేతిలోకి తీసుకుని, చూసి, ఇంకోసారి చూసింది. పెదవులు తెల్లబడ్డాయి.

"నేను చూశాను. పంపేముందు చూశాను, సరిగ్గా ఉంది. అప్పుడే సార్ ఫోన్ చేశారు. మాట్లాడి పెట్టేశాక అచ్చుకు పంపించేశాను."

"మాట్లాడాక మళ్ళీ చూశావా?" అంది అత్తగారు.

"లేదు. అంతకుముందే చూశాగా. నేను ముట్టుకోలేదు, సార్. నిజంగా ముట్టుకోలేదు. బాణం..."

"మళ్ళీ బాణం!" అంది అత్తగారు.

కంపెనీ మనిషి చేతులు జోడించాడు. "ఎవరు చేశారో నాకనవసరం. ఇక మీద మా పని ఈ అమ్మాయి చెయ్యకూడదు. కుదరదంటే చెప్పండి, వేరే ప్రెస్సు చూసుకుంటాం."

అత్తగారికి అట్టే ఆలోచించాల్సిన పని పడలేదు. కొత్త వారం నుంచి చిన్న కోడలు కింద కటింగ్ యంత్రం దగ్గర కూర్చుంటుంది, మందుల లేబుళ్ళు పెద్ద కోడలు చేస్తుంది. చేతిలో ఉన్న పని పూర్తి చేసి, లాప్‌టాప్ అప్పగించాలి. చిన్న కోడలు తల ఊపింది. బొమ్మలు గీయడం, అక్షరాలు పేర్చడం తప్ప ఆమెకు ఇంకో ఇష్టం లేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. మెట్లెక్కుతూ ఆమె గోడ పట్టుకుని ఒకచోట ఆగింది, మళ్ళీ ఎక్కింది.

పెద్ద కోడలికి ఆ పూట అన్నం బాగా సహించింది. ఉన్నమాట చెప్పుకోవాలి, సంతోషంగా ఉంది. ఇకనుంచి మేడమ్ తనే.

అయితే మందుల లేబుళ్ళు వేలితో రాస్తూ చేసే పని కాదు. చిన్న కోడలు ఎలా చేసిందో గానీ, అంత చిన్న అక్షరాలకు తనకు మౌస్ ఉండి తీరాలి. తన మౌస్ చచ్చింది, ఆ సంగతి ఇప్పుడు బయటపెట్టడానికి లేదు. చిన్న కోడలిది సొరుగులో ఉంది. పనిచెయ్యట్లేదని అది అంది గానీ, అది అన్నదంతా నమ్మడానికి పెద్ద కోడలేం వెర్రిది కాదు. పని చేతకాక మౌస్ మీద నెట్టి ఉంటుంది. మౌస్ బంగారంలా ఉండి ఉంటుంది.

మర్నాడు చిన్న కోడలు కటింగ్ నేర్చుకోవడానికి కిందికి దిగగానే, ఆమె ఆ గదిలోకి వెళ్ళి, సొరుగు లాగి, మౌస్ తీసుకుని తన గదిలోకి వచ్చింది. మీట వేసి బల్ల మీద పెట్టింది. గింజ మార్చాలన్న ఆలోచన కూడా రాలేదు. వేలు తగిలీ తగలగానే షాంపూ లేబుల్ మీద బాణం చకచకా పరిగెత్తింది.

"అనుకున్నా," అంది పైకే. "మంచిది దానికి, చచ్చింది నాకు. తక్కెడట, ముల్లట!"

తన చచ్చిన మౌస్‌ని దాని సొరుగులో పడేస్తే లెక్క సరిపోతుంది. రెండూ ఒకే రకం, ఎవరు కనిపెడతారు? దాన్ని పట్టుకుని మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళింది. సొరుగు లాగడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చి, మౌస్‌ని బల్ల మీద పెట్టింది.

చిన్న కోడలి లాప్‌టాప్ తెరిచే ఉంది. దాని మీద బాణం గెంతింది.

పెద్ద కోడలి చేయి సొరుగు మీదే ఆగిపోయింది. మౌస్‌ని కాస్త పక్కకు జరిపింది. బాణం పక్కకు జరిగింది. గుండ్రంగా తిప్పింది. గుండ్రంగా తిరిగింది. మీట నొక్కి లాగింది. కళ్ళ చుక్కల మందు లేబుల్ మీద కంపెనీ గుర్తు ఊడి, అడుగు వరుస మీదికి జారింది.

ఆమె మౌస్ తీసుకుని గుమ్మం దాటింది. రెండు గదుల మధ్య నిలబడి, దాన్ని అడ్డుచెక్కకు ఆనించి, పైకీ కిందికీ రాసింది. తలుపులోంచి చూస్తే, ఆ గదిలో బాణం ఎవరూ ముట్టకుండా పైకీ కిందికీ పోతోంది. దానంతట అదే.

దుమ్ము దులిపిన రోజున గింజలు తారుమారయ్యాయి. అంతే. ఇంత చిన్న సంగతి. తను బల్లకేసి కొట్టిన ప్రతి దెబ్బా అక్కడ పడింది. తను ఈడ్చిన ప్రతి ఈడుపూ అక్కడి అక్షరాల్ని ఈడ్చింది. కంపెనీ మనిషి ఫోన్‌లో మాట్లాడినప్పుడు అవతల నవ్వు వినిపించడం, "థాంక్యూ సార్, అంతా మీ అభిమానం" అన్న మాట చెవిన పడటం, తను పళ్ళు కొరుకుతూ మీట నొక్కి పైకి లాగడం, అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. అయిదు పక్కకు పదిని ఎక్కించింది ఈ చెయ్యే.

ఆమె ఆ గదిలోకి తిరిగి వెళ్ళి, జారిన కంపెనీ గుర్తును జాగ్రత్తగా దాని చోట పెట్టింది. తన మౌస్‌ని ఆపి, ఆ సొరుగులో, ఇదివరకు ఆ మౌస్ ఉన్నచోటే పెట్టి, తన గదికి వచ్చి కూర్చుంది. ఏ గింజ దగ్గరికి ఆ మౌస్ చేరింది. తప్పు ఎక్కడ జరిగిందో చూపించడానికి ఇక ఏమీ మిగల్లేదు. ఆ సంగతి అప్పటికి ఆమెకు తట్టలేదు. ఎవరికి తెలుస్తుందిలే అనే తట్టింది. అలా తట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా లేచి ఎవరితోనూ చెప్పలేదు.

తెల్లారి టిఫిన్ల దగ్గర చిన్న కోడలే కదిపింది. అప్పగించే ముందు అన్నీ సరిచూద్దామని మౌస్ తీసి చూశానంది. "బాగైంది అత్తయ్యా. బాణం కూడా ఇప్పుడు ఎటూ పోవట్లేదు."

"పోదు," అంది అత్తగారు. "ఎందుకు పోతుంది? దొంగ దొరికాక దెయ్యం దిగింది. చూడమ్మా, తప్పు ఎవరైనా చేస్తారు. చేశానని చెప్పేస్తే ఈ గొడవ ఉండేది కాదు. వస్తువుల మీద నెట్టావు చూడు, అది నాకు నచ్చలేదు."

పెద్ద కొడుకు నవ్వాడు. చిన్న కొడుకు కంచంలోకి చూశాడు. చిన్న కోడలు కళ్ళెత్తలేదు. తన కంచం, పక్కనున్న భర్త కంచం ఒకదాని మీద ఒకటి పెట్టుకుని లేచింది. సిగ్గుపడాల్సిన మనిషి కూర్చుని తింటూ ఉంటే, అక్కర్లేని మనిషి కంచాలు ఎత్తుతోంది. పెద్ద కోడలు చేతిలోని ముద్ద కంచంలో వదిలేసింది.

"దాని తప్పు కాదు," అంది. "అత్తయ్యా, నా తప్పు. గింజలు మారిపోయాయి. నా మౌస్ దాని లాప్‌టాప్‌కి పనిచేసింది. నేనిక్కడ కొడుతుంటే అక్కడ చెడింది. నాది వెన్నలా నడుస్తోందని అబద్ధం చెప్పాను. ఆ అయిదువందల పది నేను చేసిందే."

అత్తగారు ఆమెను చాలాసేపు చూసింది. చూస్తూ ఉండగా ఆవిడ కళ్ళలో నీళ్ళు నిండాయి.

"చూశారా," అంది కొడుకుల వైపు తిరిగి. "చూశార్రా దీని మనసు! తోడికోడలు కిందికి పోతోందని నేరం తన నెత్తినేసుకుంటోంది."

"కాదత్తయ్యా! నిజంగా..."

"గింజలు ఎలా మారతాయే? నేను సర్దాను వాటిని. నా చేతుల్తో ఎవరివి వాళ్ళకు పెట్టాను."

పెద్ద కోడలు లేచి పరిగెత్తింది. రెండు లాప్‌టాప్‌లూ, రెండు మౌస్‌లూ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. గింజలు పీకి, అటుది ఇటు, ఇటుది అటు గుచ్చింది. తొందరలో ఒక గింజ కింద పడితే, వంగి వెతికి తీసింది. మౌస్ కదిపింది. ఎదుటి లాప్‌టాప్‌లో బాణం కదిలింది. "చూడండి! ఇదిగో, ఇలా!"

"నువ్విప్పుడు మార్చావు కాబట్టి కదిలింది," అన్నాడు ఆమె భర్త. "మార్చకముందు సరిగ్గానే ఉన్నాయిగా."

"నిన్న నేను మౌస్‌లు మార్చాను, అందుకని సరిగ్గా..."

"చాల్లేవే," అంది అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. లేచి వచ్చి ఆమె తల నిమిరింది. "నా పెద్ద కోడలు అనిపించావు. కానీ కంపెనీ ఆయనకు మాటిచ్చేశాను." చిన్న కోడలి వైపు తిరిగింది. గొంతు మారింది. "చూసి నేర్చుకో. ఒకరు చెయ్యని తప్పు కూడా నాదంటారు, ఒకరు చేసిందీ నాది కాదంటారు."

చిన్న కోడలు కంచాలు పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. బల్ల మీది బాణం వైపు చూసింది. తర్వాత పెద్ద కోడలి చేతి వైపు చూసింది. లోపలికి వెళ్ళి కుళాయి తిప్పింది.

కొత్త వారం మొదటి రోజున పెద్ద కోడలు కిందికి దిగింది. చిన్న కోడలు కటింగ్ యంత్రం ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. లేబుళ్ళ బొత్తిని బల్ల మీద నిలబెట్టి, నాలుగు వైపులా తట్టి అంచులు కలిపి, కత్తి కిందికి తోస్తోంది. పిడి కిందికి లాగితే కత్తి దిగి, తెల్లటి అంచు రిబ్బనులా తెగి కింద బుట్టలో పడుతోంది. వేళ్ళు కత్తికి ఎంత దూరంలో ఉంచాలో ఇంకా అలవాటు కాలేదు, బాగా వెనక్కి పెట్టుకుంటోంది.

"నేనిక్కడ కూర్చుంటా," అంది పెద్ద కోడలు. "నువ్వు పైకెళ్ళు."

"వద్దక్కా."

"అత్తయ్యకి నేను చెప్పుకుంటా. నీకు నా మాట మీద నమ్మకం లేకపోతే..."

"నమ్మాను. మీరు ఆ రోజు చెప్పగానే నమ్మాను." ఆమె ఇంకో బొత్తి తీసింది. "మీ గదిలో టక్‌మన్నప్పుడల్లా నా దగ్గర ఏదో ఒకటి జరిగేది. అప్పుడు కలుపుకోలేకపోయాను, మీరన్నాక కలిసింది. ఇంట్లో మిమ్మల్ని నమ్మింది నేనొక్కదాన్నే."

"అందుకే చెబుతున్నా. లే."

చిన్న కోడలు బొత్తిని ఒకవైపు తట్టింది, తిప్పి రెండోవైపు తట్టింది. మాట్లాడినప్పుడు ఆ గొంతులో ఎన్నడూ లేని కరుకుదనం ఉంది.

"మీరిక్కడ కూర్చుంటే ఏమవుతుందో తెలుసా అక్కా? అత్తయ్య వచ్చినవాళ్ళకల్లా చూపిస్తారు. మా పెద్ద కోడలు చూడండి, తోడికోడలి కోసం కుర్చీ వదులుకుందంటారు. తప్పు చేసిన పేరు నాకొచ్చింది. ఒప్పుకున్న పేరు మీకొచ్చింది. ఇప్పుడు శిక్ష కూడా మీరే తీసుకుంటే, ఆ పేరూ మీకే వస్తుంది. ఇదొక్కటన్నా నాకుండనివ్వండి."

పెద్ద కోడలికి కొట్టడానికైనా, పట్టుకోవడానికైనా చేతికి ఏమీ దొరకలేదు. చిన్న కోడలు పిడి లాగింది, కత్తి దిగింది.

"పెద్దమ్మాయ్!" పైనుంచి అత్తగారి కేక వినిపించింది. "మందుల కంపెనీ నుంచి ఫోనే. మేడమ్ కావాలంటున్నారు."

"వెళ్ళండి," అంది చిన్న కోడలు, తలెత్తకుండా.

పెద్ద కోడలు మెట్లెక్కింది.